ఏ ఊరికిచ్చిండ్రు?

నాకు దస్తూరి బాగుంటుందని చిన్నప్పటి నుంచీ పేరు. వరంగల్ బీటుబజారులో మా నాన్న కిరాణా దుకాణం బోర్డు ఎనిమిదో తరగతిలో నేనే రాశాను. చుట్టాలిళ్లలో పెళ్లయితే శుభలేఖల మీద చిరునామాలు రాయడానికి నన్నే పిలిచేవాళ్లు. ఆ పేరు విని హనుమకొండ కాలేజీలో మా లెక్చరర్ నన్ను గోదావరి ఒడ్డు పథకంలోకి లాగాడు. అక్షరాలు కుదురుగా ఉన్నవాడికి బుద్ధి కూడా కుదురుగా ఉంటుందని ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను. ఆ నమ్మకానికి ఒక ఆడమనిషి ప్రాణం పోయింది. ఈ సంగతి చివరిదాకా దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

డెబ్బైల చివరి రోజులవి. మా ఊరి నుంచి పరకాల మీదుగా అడవి దారి పట్టుకుని పోతే సాయంత్రానికి గోదావరి వస్తుంది. ఇవతల మన రాష్ట్రం, అవతల మహారాష్ట్ర. రేవులో నిలబడి చూస్తే మాత్రం ఎవరు ఎటువాళ్లో చెప్పడం కష్టం. అవతలి ఊళ్లలోనూ తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. పిల్లను ఇటునుంచి అటు ఇస్తారు, అటునుంచి ఇటు తెచ్చుకుంటారు. చింతపండు, చీపుళ్లు అటునుంచి వస్తే ఉప్పు, మిరపకాయలు, గాజులు ఇటునుంచి పోతాయి. రెండు ఒడ్డులకూ కలిపి వారానికోసారి ఒకటే అంగడి.

చిక్కంతా మందుల దగ్గర వచ్చేది. టీబీ పట్టిన మనిషి ఇవతల ఒక నెల సూదులు వేయించుకునేవాడు. కూలి కోసం అవతలికి పోతే అక్కడి దవాఖానలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లు. తిరిగొస్తే ఇక్కడ మళ్లీ కొత్త చీటీ. కొందరు రెండు చోట్లా తీసుకునేవాళ్లు, ఎక్కువమంది ఏ చోటా పూర్తి చేసేవాళ్లు కాదు. టీబీ మందు మధ్యలో మానితే రోగం మొండికేస్తుంది. ఆ తర్వాత అదే మందు ఇచ్చినా వినదు. అందుకని రెండు వైపులా ఉన్న కొందరు డాక్టర్లు, పంతుళ్లు కలిసి ఒక ఉమ్మడి కమిటీ పెట్టారు. రోగుల పేర్లు ఇవతలి జాబితా ఒకటి, అవతలి జాబితా ఒకటిగా రాయాలి. ఇవతలివాళ్లకు ఆకుపచ్చ కార్డు, అవతలివాళ్లకు పసుపు కార్డు. ఏ కార్డు ఉంటే ఆ ఒడ్డు సెంటర్లోనే సూది. ఒక్క మనిషి పేరు రెండు జాబితాల్లోనూ ఉండకూడదు. పేరు ఒక జాబితా నుంచి ఇంకొకదానికి మార్చాలంటే మూడు నెలలకోసారి జరిగే కమిటీ మీటింగులో రెండు వైపులవాళ్లూ సంతకం పెట్టాలి.

ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. సంతకాల నియమం గురించి హనుమకొండలో చర్చ జరిగినప్పుడు, అది మరీ బిగుసుకుపోయినట్టు ఉందని ఒకాయన అంటే, లేచి నిలబడి వాదించింది నేనే. నియమం వదులైతే మళ్లీ పాత కథే అవుతుందని, ఎవడు పడితే వాడు పేర్లు మార్చేస్తాడని చెప్పాను. పంతొమ్మిదేళ్లు నాకప్పుడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు విన్న ఆ రాత్రి నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు, అంత పొంగిపోయాను.

ఇంట్లో నాన్న ఊరుకోలేదు.

“గోదారి ఒడ్డుకు పోయి ఎవలను ఉద్ధరిస్తవ్ రా? ఈడ దుకాణంల కూసునేటోడు లేడు,” అన్నాడు.

అమ్మ మాత్రం సర్వపిండి మూట కట్టిచ్చి, నీళ్లు కాచుకుని తాగమని పదిసార్లు చెప్పి పంపింది.

మొదటి శిబిరం మాఘమాసంలో, అంగడి రోజున పెట్టాం. రేవు దగ్గర ఇసుకలో షామియానా వేశారు. పడవలు దిగినవాళ్లు దిగినట్టు మా దగ్గరికి వచ్చేట్టు ఏర్పాటు. ఒక డాక్టరు ఛాతీ చూసేవాడు, ఒకాయన కఫం పరీక్ష చేసేవాడు. రోగం ఉందని తేలినవాళ్లు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. నేను పేరు, ఊరు రాసుకుని కార్డు ఇవ్వాలి. వరుస మొదలయ్యే ముందు నాతో కూడా రెండు ముక్కలు మాట్లాడించారు. ఇకనుంచి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అని లేదు, రెండూ ఒకటే అని మైకులో అరిచాను. జనం బాగానే విన్నారు.

మగవాళ్లను “నీది ఏ ఊరు?” అని అడిగాను. పెళ్లయిన ఆడవాళ్లను “ఏ ఊరికిచ్చిండ్రు?” అని అడిగాను. అట్లా అడగమని నాకెవరూ చెప్పలేదు. మా ఇంట్లో పుట్టి పెరిగినవాడెవడైనా అట్లాగే అడుగుతాడు. మా నాయనమ్మకు ముగ్గురు కూతుళ్లు. పెళ్లిళ్లయ్యాక ఆమె నోట వాళ్ల పేర్లు నేనెప్పుడూ వినలేదు. “కేసముద్రంది ఉత్తరం రాసింది,” “తొర్రూరుదానికి జరమొచ్చిందట,” “జనగామదాన్ని పండుగకు పిలువుమను,” ఇదీ వరస. మాకూ వాళ్లు కేసముద్రం అత్త, తొర్రూరు అత్త, జనగామ అత్త. ఆడపిల్లకు ఇచ్చిన ఊరే ఊరు. పెళ్లయ్యాక కూడా ఆమె ఇంకో చోట ఉండవచ్చన్న ఊహే మా బజారులో ఎవరికీ రాదు.

ఆమె మధ్యాహ్నం పూట వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. వెంట వాళ్లమ్మ ఉంది. ఎండుచేపల గంప పక్కన దించి, కూతురి వీపు రాస్తూ నిలబడింది. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

“ఏ ఊరికిచ్చిండ్రక్కా?” అన్నాను తలెత్తకుండా.

ఆమె అవతలి ఒడ్డున ఉన్న ఒక ఊరు పేరు చెప్పింది. నేను ముచ్చటగా రాసుకుని పసుపు కార్డు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“పసుపు రంగుది ఇచ్చినవ్ తమ్మీ. మంచిగున్నది,” అంది.

నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషం చూసి నాకూ సంబరమేసింది. తర్వాతి మనిషిని పిలిచాను.

మొదటి నెలన్నర కార్డు రంగు ఎవరూ చూడలేదు. జాబితాలు శుద్ధప్రతి రాసి, రెండు వైపులా పంపి, సెంటర్లు తెరిచేదాకా శిబిరంవాళ్లే రేవు దగ్గర అందరికీ సూదులు వేశారు. ఫాల్గుణంలో నేను మళ్లీ వెళ్లినప్పుడు ఆమె రేవులో కనిపించింది. ముఖం తేటపడింది.

“జరం వస్తలేదు తమ్మీ. నాలుగు ముద్దలు తింటాన,” అని తనే పలకరించింది.

ఆ ఒక్క మాట మోసుకుని వరంగల్ వచ్చి ఇంట్లో అందరికీ చెప్పాను. నాన్న కూడా ఏమీ అనలేదు ఆ రోజు.

వైశాఖంలో వెళ్లేసరికి సంగతి వేరుగా ఉంది. ఇవతలి సెంటర్లో కార్డులు సరిచూస్తుంటే ఆమె తల్లి, అంగడిలో ఎండుచేపలు అమ్మే ఆ అవ్వ వచ్చి గడప బయట నిలబడింది.

“బిడ్డా, జర మా ఇంటికి రా. దానికి మల్ల దగ్గు తిరగబెట్టింది,” అంది.

ఆమె వెంట వెళ్లాను. సెంటరు నుంచి ఇల్లు పిలుపు దూరం. గట్టిగా కేకేస్తే వినపడుతుంది. చుట్టూ తడికె, మీద గడ్డి కప్పు. కూతురు నులక మంచం మీద పడుకుని ఉంది. చెల్లెలు పక్కన కూర్చుని గిన్నెలోంచి జావ తాగిస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల, చెంచా లేదు, చేత్తోనే. అల్లుడు దడికి ఆనుకుని వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

“ఇగ మావల్లయితలేదు సారూ. వారానికి మూడుసార్లు ఈమెను తీస్కొని అవతలికి పోవుడు. సగం దూరం ఇసుకల నడవాలె, సగం పడవ. అవతల దిగినంక మల్ల రెండు కోసులు. ఎండకు సోలి పడిపోతాంది. మొన్నటిసంది పోతలేం,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“అవతల ఎందుకు? మీ ఊరు అవతల గదా, ఈడికెందుకు వచ్చిండ్రు?” అన్నాను.

“మా అత్తోళ్ల ఊరు ఇదే. నేను ఇల్లరికమొచ్చిన. లగ్గమైనకాడికెల్లి ఈడనే ఉంటాన్నం.”

“మరి నేనడిగితే ఆ ఊరెందుకు చెప్పినవ్ అక్కా?”

ఆమె మంచంలోంచి నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది, ఆగాక చెప్పింది.

“ఏ ఊరికిచ్చిండ్రు అన్నవ్ తమ్మీ. ఆ ఊరోనికే ఇచ్చిండ్రు. ఏ ఊర్ల ఉంటాన్నవ్ అని నువ్వడగలే. చింతపండు తెచ్చుకునేటందుకు ఈడికి ఆడికి పోవుడు లేదా, గట్లనే ఏ కార్డయితేంది అనుకున్న. నువ్వే చెప్తివి గద మైకుల, రెండు ఒడ్లు ఒక్కటే అని.”

ఎవరైనా చెంప మీద కొడితే కొంత నయంగా ఉండేది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నేను పొరపాటు చేశానని కూడా ఆమె అనుకోలేదు. చదువుకున్న పిల్లాడు రాశాడు కాబట్టి అందులో ఏదో అర్థం ఉంటుందనుకుని, రెండు నెలలు ఎండలో గోదావరి దాటింది. పిలుపు దూరంలో సూదిమందు పెట్టుకుని.

అక్కణ్నుంచి నేరుగా సెంటరుకు పరుగెత్తాను. అక్కడి కంపౌండరు పెద్దవాడు, చెడ్డవాడేం కాదు. తన కూతురికీ ఇదే రోగం వచ్చి తగ్గిందని చెప్పేవాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

“నాకు తెల్వదా బాబూ? రోజూ చూస్తాన గద ఆ తల్లిని. కానీ సీసాలు ఆకుపచ్చ కార్డులను చూసే పంపుతరు. ఈమెకొక సూది ఏస్తే ఇంకొకలకు తప్పుతది. ఎవలకు తప్పియ్యాల్నో నువ్వే చెప్పు,” అన్నాడు.



మర్నాడు పడవెక్కి అవతలికి పోయాను. అక్కడి సెంటరు పెద్ద తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడేవాడు. చాయ్ తెప్పించాడు. ఆమె పేరు తన జాబితాలోంచి తీసేస్తే కదా ఇవతల చేర్చేది, తీసేయడానికి తన ఒక్కడి సంతకం చాలదు కదా అన్నాడు. ఆషాఢంలో మీటింగు ఉంది, ఈసారి మా ఒడ్డునే, మొట్టమొదట మీ సంగతే పెడదాం అన్నాడు. అంతవరకు ఎట్లా అంటే, అంతవరకు రమ్మను, మేం వేస్తాం, ఎప్పుడైనా కాదన్నామా అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎవరి మాటలోనూ లేదు. హనుమకొండలో నేను లేచి వాదించిన మాటలే రెండు ఒడ్డుల మీదా నాకు వినిపిస్తున్నాయి.

దరఖాస్తు రాశాను. తెలుగులో ఒకటి, ఎవరితోనో మరాఠీలో రాయించి ఒకటి. చక్కగా రాశాను. ఇప్పటికీ ఆ కాగితం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను.

ఆ ఏడు గోదావరి తొందరగా వచ్చింది. జ్యేష్ఠం ఆఖరుకే నీళ్లు ఎర్రబడ్డాయి, ఆషాఢం మొదట్లో పడవలు కట్టేశారు. మీటింగుకు పోవాల్సిన మా వైపు పెద్దలు పరకాల దాకా వచ్చి, రేవు బందయిందని విని, అక్కణ్నుంచే వెనక్కి తిరిగారు. రెండు రాష్ట్రాలను కలపడానికి పుట్టిన కమిటీ, నది నిండిందని ఆగిపోయింది. ఏటా నిండే నదే. నిండుతుందని రేవులో ఉన్న ఎవడినడిగినా చెప్పేవాడు. మేం అడగలేదు.

అప్పుడు నేను చేయగలిగింది ఒకటే తోచింది. వరంగల్ చౌరస్తాలో మా మేనమామకు మందుల దుకాణం ఉంది. ఆయన కాళ్లావేళ్లా పడి సూదిమందు సీసాలు ఒక అట్టపెట్టె నిండా తీసుకుని బస్సెక్కాను. కంపౌండరు ముందు వద్దన్నాడు. తర్వాత ఆ అవ్వ ముఖం చూసి, సెంటరులో కాకుండా వాళ్లింటికి వెళ్లి వేస్తానన్నాడు. మూడు వారాలు వేశాడు. పెట్టె ఖాళీ అయ్యే సమయానికి నేను ఇంకో పెట్టె తేవాలి. తీసుకుని బయల్దేరాను కూడా. అడవిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. ఒక పగలంతా చూసి, బస్సుతో పాటే వెనక్కి వచ్చాను.

ఆ తర్వాత పరీక్షలు. వాయిదా పడుతూ వచ్చిన పరీక్షలు శ్రావణంలో పెట్టారు. చాలా ఏళ్లు నేను అందరికీ ఇంతవరకే చెప్పాను, వాగు, పరీక్షలు అని. నిజమేమిటంటే, పరీక్షలయ్యాక కూడా రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాను. వాగు తగ్గిందని, బస్సులు పోతున్నాయని బస్టాండులో కనుక్కున్నాను కూడా. కనుక్కుని ఇంటికి వచ్చి దుకాణంలో కూర్చున్నాను. ఆ ఇంటి ముందుకు పోయి నిలబడాలంటే భయమేసింది. నాన్న సంతోషించాడు, బుద్ధొచ్చిందనుకున్నాడు. అట్టపెట్టె నా గదిలో బల్ల కిందే ఉంది. పడుకుంటే కనిపించేది.

భాద్రపదంలో వెళ్లాను. కంపౌండరు బదిలీ అయి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి బయటి మందు సూది వేయడమంటే వణుకు. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి అరిచాను కూడా. అతను తలుపు వేసుకున్నాడు.

ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. దుప్పటి కప్పుకుంది. దుప్పటిలో మనిషి ఉన్నట్టే లేదు. ఎదురుగా గోదావరి ఒడ్డులు రెండూ ముంచి పోతోంది. వాన వెలిసింది కాబట్టి అవతల దూరంగా గుట్ట కింద సెంటరు తెల్లగోడలు సన్నగా కనిపిస్తున్నాయి.

“అగో తమ్మీ, నా దవాఖాన,” అని చెయ్యెత్తి చూపించింది. ఈసారి కూడా నవ్వుతూనే చూపించింది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. తప్పు నాదే అక్కా, నేనే సరిగ్గా అడగలేదు అన్నాను. ఆ మాట అనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

“నీదేం తప్పున్నది? నాకేమన్న తెలివున్నదా, నేను చెప్పద్దా?” అంది. మళ్లీ తనే, “మీటింగు ఎప్పుడు తమ్మీ?” అంది.

“నీళ్లు దిగంగనే.”

“అయితే పెడ్తరు. పెట్టకుంటే ఎట్ల,” అని తల ఊపింది. చెల్లెలు వచ్చి ఆమె నోరు తుడిచింది. కొంగు మీద నెత్తురు మరక ఉంటే మడిచి లోపలికి తోసింది, నేను చూడకూడదని. నేను చూశాను.

ఆశ్వయుజంలో మీటింగు జరిగింది. అవతలి ఒడ్డున, ఒక బడిలో. మామిడాకులు కట్టారు, ఉప్మా పెట్టారు. రెండు వైపులవాళ్లనూ కలిపి నిలబెట్టి ఫోటో తీశారు. ఒక పెద్దాయన లేచి, ఇంతమంది రోగుల్లో ఒక్క పేరైనా రెండు జాబితాల్లో లేదంటే అది మామూలు విషయం కాదన్నాడు. జాబితాలు రాసిన కుర్రాణ్ణి లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. కూర్చోవాలని కూడా తోచలేదు. పక్కనున్న లెక్చరర్ చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

ముందు పెడదామన్న మా దరఖాస్తు ఆఖరున వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరు సంతకాలు పెట్టారు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆకుపచ్చ కార్డు మీద ఆమె పేరు నేనే రాసి, జేబులో పెట్టుకుని మొదటి పడవెక్కాను.

ఇంటి దగ్గర ఎవరూ లేరు. మంచం బయట, నిలబెట్టి ఉంది. పక్కింటామె చెప్పింది, ఎనిమిది రోజులైందని. అవ్వ అంగడికి పోయిందని, అల్లుడు తన ఊరికి, అవతలికి వెళ్లిపోయాడని. కార్డు ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అంగడికి పోయి ఆ అవ్వను కలవాలనిపించింది. పోలేదు. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

అప్పుడే మానేసి ఉండాల్సింది. మా లెక్చరర్ వద్దన్నాడు. నువ్వు మానేస్తే ఆ తప్పు దిద్దేవాళ్లెవరు అన్నాడు. నేనూ అదే నమ్మాను. కార్డులో “ఇప్పుడు ఉంటున్న ఊరు” అని కొత్త వరుస చేర్పించాను. ఆడవాళ్లను ఏం అడగాలో కొత్తగా వచ్చినవాళ్లకు నేనే నేర్పాను. మాఘమాసంలో రెండో ఏడు శిబిరానికి మళ్లీ అదే రేవుకు, అదే షామియానా కిందికి వచ్చి కూర్చున్నాను. ఈసారి జనం సగం కూడా లేరు. పడవలు దిగినవాళ్లు మా వైపు చూసి, దూరంగా చుట్టు తిరిగి అంగడిలోకి పోతున్నారు. నన్ను చూపించి ఏదో చెప్పుకుంటున్నారు. ఎవరినీ అడగకుండానే నాకు తెలిసిపోయింది.

పొద్దు వాలాక ఆ అవ్వ వచ్చింది. నన్ను చూడగానే ఆగిపోయింది. వెనక చిన్న కూతురు, జావ తాగించిన పిల్ల. పిల్ల దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. అవ్వ ఎటు పోవాలో తెలియనట్టు నా బల్ల దగ్గరికే వచ్చింది. డాక్టరు చూశాడు, కఫం చూశారు. రోగం ఉంది.

“మందియ్యి బిడ్డా. నీ కాళ్లు మొక్కుతా. పేరు మాత్రం రాయకు,” అంది.

“పేరు రాయకుంటే ఎట్ల ఇస్తరవ్వా? ఈసారి తప్పు జరగదు. ఈ ఊరే రాస్త. ఆకుపచ్చ కార్డే ఇస్త. చూడు, నీ ఎదురుంగనే రాస్త,” అన్నాను.

“వద్దు. రాయకు. రాస్తే పిల్ల పోతది.”

“రాయకుంటే పోతది అవ్వా! మందు లేకుంటే పోతది!”

అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. డాక్టరు లేచి వచ్చి, కార్డు లేకుండా మొదటి సూది కూడా వేయడానికి వీల్లేదని మెల్లగా చెప్పాడు. ఆ నియమం ఎందుకుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఇక అవ్వతో లాభం లేదని పిల్ల వైపు తిరిగాను. పద్నాలుగో పదిహేనో ఉంటాయి. అక్క లాగే మనిషి. నన్ను చూసి భయపడలేదు.

“నువ్వు చెప్పమ్మా. నీ పేరేంది?” అన్నాను.

పిల్ల చెప్పడానికి నోరు తెరిచింది. అవ్వ గబుక్కున ఎండుచేపల వాసన కొట్టే అరచేయి తెచ్చి ఆ నోటి మీద గట్టిగా మూసింది. అట్లాగే మూసిపట్టుకుని, పిల్లను ముందుకు తోసుకుంటూ, ఇసుకలో రేవు వైపు నడిపించుకుపోయింది. అంగడి జనంలో కలిసేదాకా ఆ చేయి తీయలేదు.